మీకు తెలుసా? భీమ్ అసలు పోరు నిజాంతోనే

రాజమౌళి ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ (2022)లో కొమురం భీమ్, అల్లూరి సీతారామరాజు ఢిల్లీలో ప్రాణస్నేహితులవుతారు. ఇద్దరూ కలిసి బ్రిటిష్ గవర్నర్‌పై పగ తీర్చుకుంటారు. నిజానికి వాళ్లు కలుసుకున్న దాఖలాయే లేదు. రాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర తూటాలకు బలైతే, భీమ్ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు.

అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. అడవి మీద, భూమి మీద గోండుల హక్కు కోసం భీమ్ ఎదిరించింది తెల్లదొరల్ని కాదు, నిజాం సర్కారుని. హైదరాబాద్ పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ కట్టుకుని కొలువుతీరిన అసఫ్ జాహీల పాలన అది. సినిమాలో మాత్రం నిజాం దూత గవర్నర్ కొలువుకు వచ్చి, గోండుల జోలికి పోతే ముప్పని హెచ్చరిస్తాడు! భీమ్ మరణించాకే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితిగతులను అధ్యయనం చేయించింది. తెరకెక్కాల్సిన అసలు ఘట్టం ఇదే.

పాతబస్తీకి ఈ సినిమాతో తీపి బంధమూ ఉంది. ‘నాటు నాటు’ గాయకుల్లో ఒకరైన రాహుల్ సిప్లిగంజ్ మంగళ్‌హాట్ కుర్రాడు. 2023 మార్చిలో ఆ పాట ఆస్కార్ గెలిచిన రాత్రే, కాలభైరవతో కలిసి అదే వేదికపై తెలుగులో హోరెత్తించాడు.