లినక్స్ కెర్నల్‌కు భారీ హార్డ్‌వేర్ చేర్పులు: నిర్వహణ బాధ్యత - ఒక పరిశీలన

రాయలసీమ చెరువుల చరిత్రలో 'దశబంధం ఇనాం' పరిచితమైన మాట. చెరువు కట్టించిన వానికి, లేదా పాడైన చెరువును బాగుచేయించిన వానికి ఈ ఇనాం లభించేది. అయితే ఆ చెరువును ఎల్లకాలం బాగుగా ఉంచాలన్నది షరతు. అనంతపురం వంటి కరువు పీఠభూమిలో ఆ షరతే ప్రాణం. పూడిక తీయని చెరువు, కట్టించినవాని కీర్తితో మడి తడపలేదు. ఓపెన్ సోర్స్ రంగంలో భారీ హార్డ్‌వేర్ చేర్పులు వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే: రాసి ఇచ్చిన తరువాత చూసుకొనేది ఎవరు?

కెర్నల్‌కూ ఒక పరికరానికీ మధ్య పని నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లినక్స్ కెర్నల్ లోపలి అమరిక తరచు మారుతూ ఉంటుంది. దానిని మార్చినవారే, ఆ మార్పు వల్ల దెబ్బతినే డ్రైవర్లన్నిటినీ సరిచేయాలన్నది అక్కడి ఆచారం. అందువల్ల ఒక సంస్థ చేర్చిన ప్రతి పంక్తీ ఆ సంస్థతో సంబంధం లేనివారికి సైతం పని పెడుతుంది. చేర్పును చిన్న చిన్న ప్యాచ్‌లుగా విడదీసి, ఒక్కొక్కదానిలో ఒకే మార్పు ఉండేలా పంపమనడానికి కారణం కూడా ఉంది. ఒకేసారి వచ్చిపడిన రాశిని ఎవరూ చదవలేరు. చదవనిదానిలో దోషం ఎక్కడుందో పట్టుకోలేరు.

2009 జూలై 20న మైక్రోసాఫ్ట్ సంస్థ తన హైపర్-వి వ్యవస్థపై లినక్స్ నడవడానికి కావలసిన డ్రైవర్లను, సుమారు 20,000 పంక్తులను, జీపీఎల్ లైసెన్సుతో అందించింది. ఇవి నిజమైన పరికరాలకు కాక, హైపర్-వి కల్పించే మిథ్యా పరికరాలకు సంబంధించినవి. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వాటిని 'స్టేజింగ్' విభాగంలోకి తీసుకున్నారు. ఇంకా పక్వం కాని డ్రైవర్లు ఉండే చోటు అది. వాటిని దారికి తేవడానికే 200కు పైగా ప్యాచ్‌లు అవసరమయ్యాయి. ఇంతలో ఇచ్చినవారి నుండి జవాబులు ఆగిపోయాయి. వారు ముందుకు రాకపోతే డ్రైవర్లను తొలగిస్తామని ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన బహిరంగంగా హెచ్చరించారు. ఇంత పెద్ద సంస్థ ఇచ్చిన దానానికైనా మినహాయింపు లేదన్నమాట.

హెచ్చరిక పనిచేసింది. 2011 జూలైలో వెలువడిన లినక్స్ 3.0లో అత్యధిక మార్పులు చేసిన వ్యక్తి మైక్రోసాఫ్ట్‌కు చెందిన కె.వై. శ్రీనివాసన్. ఆ మార్పులు ప్రధానంగా ఈ డ్రైవర్ల శుద్ధికి సంబంధించినవే. 2012 జనవరి నాటి 3.2లో హైపర్-వి మూలభాగం స్టేజింగ్ దాటింది. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల సీఈఓ అయినది 2014 ఫిబ్రవరిలో. లినక్స్ పట్ల ఆ సంస్థ వైఖరిలోని మార్పునంతా ఆయనతోనే మొదలుపెట్టే రచనలు ఈ కాలక్రమాన్ని గమనించవలసి ఉంది.

ఏఎండీ సంస్థ అనుభవం మరొక రకం. 2016లో అది ప్రతిపాదించిన డిస్‌ప్లే డ్రైవర్ సుమారు లక్ష పంక్తులు. మనుషులు వెంటే ఉన్నారు. లోపం నిర్మాణంలో ఉంది. ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లతో ఉమ్మడిగా వాడుకోవడానికి అల్లిన మధ్యపొరను కెర్నల్‌లోకి అనుమతించబోమని డేవ్ ఎయిర్లీ డిసెంబరులో తిరస్కరించారు. ఆ పొరలు తగ్గించి, కెర్నల్ పద్ధతికి దగ్గరగా తిరగరాసిన రూపం 2018 జనవరిలో విడుదలైన 4.15లో చేరింది.