గోపాలమిత్ర

గోపాలమిత్ర అనగా పశువులకు కృత్రిమ గర్భధారణ సేవను రైతు ఇంటి ముంగిటనే అందించుటకు శిక్షణ పొందిన గ్రామీణ యువకుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సర ప్రాంతంలో పశుగణాభివృద్ధి సంస్థ, జిల్లా పశుగణాభివృద్ధి సంఘాల ద్వారా ఈ విధానం మొదలైనది. పదవ తరగతి చదివి ఊరిలోనే ఉన్న నిరుద్యోగ యువకులకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి కొన్ని గ్రామాలను అప్పగించారు. పశువైద్యశాల దూరంగా ఉన్న పల్లెలకు దీనివలన మేలు కలిగినది.

== గోదావరి డెల్టాలో అవసరం ==
1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఉభయ గోదావరి జిల్లాల మాగాణి వరిమయమైనది. పశువుకు వరిగడ్డి, వరి తరువాత పొలంలో పెరిగే పిల్లిపెసర, జనుము మేతగా నిలిచాయి. ఇటీవలి దశాబ్దాలలో చేపల, రొయ్యల చెరువులు మేతభూమిని ఆక్రమించగా, కోత యంత్రాల వలన గడ్డి కూడా కొంత పొలంలోనే పోవుచున్నది. ఒకటి రెండు గేదెలు గల ఇంటివారు దున్నపోతును పోషించలేరు. అందువలన ముర్రా జాతి వీర్యంతో నాటు గేదెల సంతతిని మెరుగుపరచడమే వారికి అందుబాటులో ఉన్న మార్గం. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని వెంకట్రామన్నగూడెంలో గేదెల పరిశోధనా కేంద్రం కూడా ఉన్నది.

== పని విధానం ==
వీర్యాన్ని సన్నని గొట్టాలలో నింపి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరుస్తారు. వాడేముందు 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో సుమారు అర నిమిషం ఉంచుతారు. డబ్బాలో నత్రజని తరిగిపోతే లోపలి వీర్యమంతా వ్యర్థమే. ఉదయం ఎదకు వచ్చిన పశువుకు సాయంత్రం, సాయంత్రం వచ్చినదానికి మరునాటి ఉదయం వీర్యదానం చేయడం ఆనవాయితీ.

అసలు చిక్కు ఎదను గుర్తించడంలో ఉన్నది. ఆవు వలె గేదె అరచి చెప్పదు. ముఖ్యంగా వేసవిలో 'మూగ ఎద' ఎక్కువ. తీగలు వేయడం, మాటిమాటికి మూత్రం పోయడం, పాలు కొంత తగ్గడం వంటి లక్షణాలు రాత్రివేళ, తెల్లవారుజామున కనిపించి పోతాయి. ఒక ఎద తప్పితే తరువాతి దానికి దాదాపు 21 రోజులు ఆగాలి. మూడు తప్పితే 63 రోజులు, అనగా రెండు నెలలకు పైగా, ఒట్టిపోయిన గేదెకు ఊరక మేత వేయాలి. చూడి కాలం సుమారు 310 రోజులు కనుక ఈనడం కూడా అంతే వెనుకబడుతుంది. (లెక్కల పుస్తకాలలో ఇటువంటి లెక్కలు ఇస్తే మన పల్లె పిల్లలు మరింత శ్రద్ధగా చేసేవారేమో!) కనుక పిలిచిన పూటనే రాగల యువకుడు ఊరిలో ఉండడం పాడిరైతుకు ఎంతో ముఖ్యం.

వీర్యదానంతో పని ముగియదు. రెండు మూడు నెలలకు చూడి నిర్ధారణ జరగాలి, పుట్టిన పెయ్యదూడ బ్రతకాలి. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా కలిపిన నీరు చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే పోషకవిలువ పెరుగుతుంది. చెప్పినంత తేలికగా రైతులు దీనిని చేయడం లేదు.

== ఉపాధి ==
గోపాలమిత్రలు ప్రభుత్వోద్యోగులు కారు. చేసిన సేవకు వచ్చే రుసుము, కొంత గౌరవవేతనం వీరి ఆదాయం. వీర్యదానం ఫలించక పోయినా ద్విచక్రవాహనపు ఇంధనం ఖర్చు తప్పదు. పల్లెలో నింద కూడా వీరిమీదనే పడుతుంది. ఈ కారణాలవలన కొందరు పట్టణాలకు వెళ్లిపోయారు. 2018-19 కేంద్ర బడ్జెటులో కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని పశుపోషకులకు కూడా విస్తరించారు. దానివలన గేదెల పోషణకు అప్పు దొరుకుతుంది గాని, వేకువన వచ్చి ఎదను గుర్తించే మనిషి దొరకడు.