కండకు సెలవు, బుద్ధికి బడి

వస్తాదుకి బుర్ర తక్కువనీ, పండితుడికి పిక్కబలం తక్కువనీ మనవాళ్ళలో చిరకాలంగా ఒక నమ్మకం వుంది. రెండో మాటకు నేనే సాక్ష్యం కాబట్టి దాని జోలికి పోను. మొదటిది మాత్రం శుద్ధ అబద్ధం. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కసు కంపెనీ పెట్టి, ఛాతీమీదికి ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తినాయుడు గారి సంగతే చూడండి. ఒంటికి ఇనుప గొలుసు చుట్టుకుని, గాలి పీల్చి, ఛాతీ విరిచి తెంచేవారు. అది కండ ఒక్కటే చేసే పని కాదు. ఊపిరి బిగబట్టడం, మనస్సును ఒక్కచోట నిలపడం ఆయన సాధనలో భాగాలు. ఆయన శాకాహారి కూడాను. మాంసం తింటేగాని కండ పట్టదని వాదించే మా బంధువు ఒకాయనకు ఈ సంగతి చెబితే, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

పూర్వం తాలింఖానా అనేవాళ్ళం. ఇప్పుడు వీధికొక జిమ్ము. నలభై దాటాక కండ ఏటేటా కొంచెం కొంచెంగా కరిగిపోతుందని డాక్టరుగారు హెచ్చరించగా, నేనూ సోమ, బుధ, శుక్రవారాలు వెళ్ళి నా శక్తికి తగ్గ బరువులు ఎత్తి వస్తున్నాను. అక్కడే మా పాత విద్యార్థి ఒకడు తటస్థపడ్డాడు. పోలీసు ఉద్యోగానికి కడుతున్నాడు. కిందటిసారి మైదానంలో అన్నిటా నెగ్గి, వ్రాతపరీక్షలో పోయింది. ఈసారి తప్పితే వయోపరిమితి దాటుతుంది. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. కోచింగుకు అప్పు చేశాడు. కుర్రవాడు మాత్రం ఆదివారంతో సహా ఏడు రోజులూ బరువులు ఎత్తుతాడు. రాత్రి పుస్తకం తెరిస్తే పేజీమీద తల వాలుస్తాడు. వాళ్ళ అమ్మగారు మా ఇంటికి వచ్చి మా ఆవిడ దగ్గర కంటతడి పెట్టుకుంది.

"ఒక్కరోజు మానితే కండ దిగిపోతుందేమోనని భయం మాస్టారూ! ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది," అన్నాడు అడిగితే.

నిజానికి బరువు ఎత్తుతున్నప్పుడు కండ పెరగదు. శ్రమ పడుతుంది, అంతే. పెరిగేది తర్వాత. గట్టిగా సాధన చేసిన తరువాత 24 నుంచి 48 గంటల దాకా కండలో కొత్త మాంసకృత్తుల నిర్మాణం హెచ్చుగా సాగుతుంది. ఖర్చయిపోయిన గ్లైకోజెన్ తిరిగి నిండాలి. కొత్తగా మొదలుపెట్టినవారికి నొప్పులు మర్నాడూ ఆ మర్నాడూ ముదరడం అనుభవమే కదా. మన ఆయుర్వేదం మరీ జాగ్రత్తపరురాలు. బలంలో సగం ఖర్చయ్యేదాకానే వ్యాయామం చెయ్యమంది.

తెలుగు మాస్టారిని గనుక, మా వాడికి ఈ సంగతి నా పద్ధతిలో చెప్పాను. వేదపాఠశాలల్లో పాడ్యమి, అష్టమి వంటి తిథుల్లో అనధ్యయనం. ఆ రోజు వేదపాఠం చెప్పరు. అయితే శిక్ష, వ్యాకరణం మొదలైన వేదాంగాలకు ఆ నిషేధం వర్తించదని మనువు అన్నాడు. ఒకదానికి సెలవు, మరొకదానికి బడి అన్నమాట. "నీకు మంగళ, గురు, శని, ఆదివారాలు అనధ్యయనం. ఆ రోజు జిమ్ము గుమ్మం తొక్కకు, కాసేపు నడువు, పుస్తకం పట్టు," అన్నాను.

పుస్తకం పట్టడమంటే గంటలకొద్దీ బట్టీ పట్టడం కాదు. అవధానం చూసినవారికి తెలుస్తుంది. అవధాని ఒక పద్యం పూర్తిచేసి రెండో పద్యానికి పోడు. ఒక్కొక్క పృచ్ఛకుడికి ఒక్కొక్క పాదం చెబుతూ నాలుగు ఆవృత్తులు తిరుగుతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతూనే వుంటాడు. చివరకు అన్నిటినీ ధారణ చేసి అప్పగిస్తాడు. అంటే, ప్రతి పద్యాన్నీ కొంత ఎడం తర్వాత మళ్ళీ తలుచుకోవలసిందే. ఎడం ఇచ్చి తిరగేస్తే మనస్సులో నాటుకుంటుందని 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన జ్ఞాపకశక్తి గ్రంథంలో చూపించాడు. కండకు ఎడం కావాలి. జ్ఞాపకానికీ ఎడం కావాలి. ఈ పోలిక నాకు బాగా నచ్చింది. మా వాడు ఇప్పుడు చరిత్ర, భూగోళం, రాజ్యాంగం, లెక్కలు తలా కాస్త చొప్పున నాలుగు ఆవృత్తులు తిరిగి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితంమీద పెడుతున్నాడు. అప్రస్తుత ప్రసంగానికి వాడి చెల్లెలు వుండనే వుంది.

సెలవునాడు బరువుల సంగతే తలపెట్టకూడదా? తలపెట్టవచ్చు, తలలోనే. 1992లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో యూ, కోల్ అనే పరిశోధకులు కొందరిచేత నాలుగు వారాలు చిటికెనవేలి కండరానికి సాధన చేయించారు. మరికొందరిని వేలు కదపకుండా, చేస్తున్నట్టు ఊహించుకోమన్నారు. నిజంగా చేసినవారి బలం 30 శాతం పెరిగితే, ఊహించుకున్నవారిది 22 శాతం పెరిగింది! ఏమీ చేయనివారికి 4 శాతం లోపే. కండ లావెక్కకుండానే, దాన్ని పిలిచే మెదడు ఆజ్ఞ బలపడిందన్నమాట. అయితే చిటికెనవేలితో జరిగింది బస్కీలతోనూ అంతే జరుగుతుందని బల్లగుద్ది చెప్పలేము. ఊహల్లో ఏనుగును ఎత్తి, వంటింట్లో బియ్యం బస్తా జరపనివారు నాకు తెలుసు.

బరువుల పోటీలో తలకు ఎంత పని వుంటుందో కరణం మల్లీశ్వరిని చూస్తే తెలుస్తుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఆ శ్రీకాకుళం ఆడపడుచు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించుకుంది, నిలిచివుంటే స్వర్ణమే. నిలవలేదు. 130 తర్వాత ఎంత అడగాలన్నది ప్రత్యర్థుల అంకెలు చూసి, తన ఒళ్ళు తాను ఎరిగి, అప్పటికప్పుడు తేల్చుకోవలసిన లెక్క. ఆ క్షణంలో కండ సలహా చెప్పదు.

ఇంకొక్క జాగ్రత్త. 2009లో బ్రిటన్‌లో కొందరిచేత 90 నిమిషాలు బుర్ర వేడెక్కే పని చేయించి, ఆ వెంటనే సైకిలు తొక్కించారు. గుండె, ఊపిరి మామూలుగానే పనిచేస్తున్నా, వాళ్ళు మామూలుకన్నా ముందే చాలించారు. అందుచేత పరుగుకు ముందు మూడు గంటలు లెక్కలు చేయడం తగదు. చదువు చదువు రోజునే. ఆ రాత్రి నిద్ర మాత్రం తగ్గకూడదు. కండా, జ్ఞాపకమూ రెండూ నిద్రలోనే కుదుటపడతాయి.

మా వాడికి మొదటి రెండు వారాలు ఒళ్ళు ఊరుకోలేదు. మంగళవారం సాయంత్రం జిమ్ము సందు దాకా వెళ్ళి తిరిగివచ్చేవాడట. మూడో వారం నుంచి బుధవారంనాడు మునుపటికన్నా అయిదు కిలోలు ఎక్కువ లేస్తున్నాయని వాడే ఆశ్చర్యపోయాడు. వ్రాతపరీక్ష వచ్చే నెలలో. మొన్న గురువారం వాళ్ళ అమ్మగారు జంతికలు తెచ్చి, "రాత్రి పదిదాకా మెలకువగానే వున్నాడండీ. రాజ్యాంగం అప్పగిస్తానని వాళ్ళ నాన్నను కొట్టు కట్టెయ్యనివ్వలేదు," అని చెప్పి వెళ్ళింది.