గుర్రం కాలెత్తి ఇచ్చే దాకా

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. ప్రమాదం తోచగానే పారిపోవడమే దానికి తెలిసిన ఆత్మరక్షణ. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంతో చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి ఎదురుగా కాస్త, తోక వెనక కాస్త మాత్రం దానికి కనిపించదు. దగ్గరికొచ్చే మనిషి నడకలో తొందర, భుజాల్లో బిగువు దాని కంట పడకుండా పోవు. బెరుకుగా, కోపంగా, కుంగిపోయి ఉండే పిల్లలకు గుర్రాల పని నేర్పే శిక్షకులు ఆధారపడేది ఈ స్వభావం మీదే.

మొదటి రోజుల్లో జీను జోలికి పోరు. పని అంతా నేల మీదే. గుర్రానికి వెనక నుంచి కాకుండా భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళాలి. ఒళ్ళు దువ్వాలి, దాణా పెట్టాలి, లాయంలో లద్దె ఎత్తాలి. వీటన్నిటిలోకీ గిట్టలు శుభ్రం చేయడం గొప్ప పాఠం. భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా కాలి వెంబడి కిందికి నిమురుతూ పోతే గుర్రం బరువును మిగతా మూడు కాళ్ళ మీదికి మార్చుకుని పాదం అందిస్తుంది. అప్పుడు గిట్టలో ఇరుక్కున్న మట్టినీ రాళ్ళనూ మడమ వైపు నుంచి ముందుకు గీకి తీయాలి. పరుగే ప్రాణాధారమైన జంతువు తన కాలిని ఒక కొత్త పిల్లవాడి చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. ఆ బరువు అరచేతికి తెలిసిన పిల్లవాడికి ఇక ఎవరూ ప్రశంసాపత్రం ఇవ్వనక్కర్లేదు.

తర్వాత నడిపించడం. సుమారు 500 కిలోల జంతువును తాడు పట్టి లాగితే కదలదు. లాగే కొద్దీ తలెత్తి వెనక్కి తగ్గుతుంది. భుజం పక్కన నిలబడి, వెళ్ళాల్సిన వైపు చూస్తూ అడుగు వేస్తే వెంట వస్తుంది. ఆగిపోతే తాడు కాస్త బిగించి, అది ఒక్క అడుగు వేసిన క్షణంలోనే సడలించాలి. గుర్రానికి అర్థమయ్యేది ఆ సడలింపే. అరిచి పని జరిపించుకునే పిల్లవాడు ఇక్కడ గొంతు తగ్గించుకోక తప్పదు. నోరు మెదపని పిల్ల మాత్రం వెన్ను నిటారు చేసి, తనకేం కావాలో స్పష్టంగా చూపించాల్సి వస్తుంది. ఒకే గుర్రం ఇద్దరికీ నేర్పేవి దాదాపు వ్యతిరేకమైన పాఠాలు. మార్కులూ, ఇంటి స్తోమతూ, వచ్చీరాని ఇంగ్లీషూ దానికి పట్టవు. జవాబు అప్పటికప్పుడే, కళ్ళెదుటే దొరుకుతుంది. బడిలో ఏడాది పొడవునా విఫలమైనట్టు భావించే పిల్లలకు ఇంత నిష్పక్షపాతమైన పరీక్ష మరోచోట దొరకడం కష్టం.

లండన్‌లోని బ్రిక్స్టన్‌లో 1996లో మొదలైన ఎబొనీ హార్స్ క్లబ్ ఈ పనిని పేద కుటుంబాల పిల్లల దగ్గరికి తెచ్చింది. గుర్రపుస్వారీ అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారమనే పేరున్న దేశంలో అదేమీ తేలిక కాదు. 2011లో నగరంలోనే దానికి సొంత లాయం ఏర్పడింది. అక్కడ స్వారీ నేర్చిన ఖదీజా మెల్లా 18 ఏళ్ళ వయసులో, 2019 ఆగస్టు 1న, గుడ్‌వుడ్ మైదానంలో జరిగే మహిళల పోటీ మాగ్నోలియా కప్‌ను హిజాబ్ ధరించి గెలిచింది. పందెపు గుర్రం ఎక్కడం ఆమె మొదలుపెట్టి అప్పటికి కొద్ది నెలలే. అయితే అందరూ పందేలు గెలవరు, గెలవాల్సిన పనీ లేదు. వారం వారం వేళకు వచ్చి గుర్రం బాగోగులు చూడటమే ఎక్కువమందికి దక్కే మేలు.

ఈ పనికి హద్దులూ ఉన్నాయి. తీవ్రమైన మానసిక సమస్యలకు ఇది వైద్యం కాదు, వైద్యానికి తోడు మాత్రమే. గుర్రాల పోషణ ఖర్చుతో కూడుకున్నది కాబట్టి విరాళాలు లేకుండా పేద పిల్లలకు అందదు. సాధు స్వభావమున్న గుర్రం, తలకు హెల్మెట్, పక్కనే శిక్షకుడు తప్పనిసరి. వీటిలో శిక్షకుడి ఓర్పు అన్నిటికన్నా ముఖ్యం. భయపడే పిల్లను తొందరపెట్టి జీను ఎక్కిస్తే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది. ఆ రోజుకు కంచె బయట నిలబడి చూస్తానంటే చూడనివ్వాలి.