స్కోర్‌లో కీక్రికి ఏ నంబర్ ఇవ్వాలి?

ఇవాళ్టి టాపిక్ నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో వాద్యాల పేర్లు, నంబర్లు. మన ఉట్నూర్ సైడు వాద్యాలతోనే చూద్దాం. ప్రధానులు విల్లుతో వాయిస్తూ గోండుల కథలు పాడే కీక్రి, ఊదే పెప్రె, కొట్టే గుమ్మెల. ఈ మూడింటికి మ్యూజ్‌స్కోర్‌లో స్కోర్ రాయాలనుకోండి.

ముందు ఒక్క మాట క్లియర్‌గా పెట్టుకోండి. పేరు వేరు, సౌండ్ వేరు. స్కోర్‌లో ప్రతి వాద్యానికి మూడు విషయాలు ఉంటయి. మొదటి లైన్ పక్కన ప్రింట్ అయ్యే పూర్తి పేరు, తర్వాతి లైన్లలో వచ్చే పొట్టి పేరు, ప్లే నొక్కితే వినిపించే సౌండ్. ఇవి దేనికదే. లిలీపాండ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ మూడింటికి మూడు వేరే సెట్టింగులు ఉన్నయి.

సౌండ్‌కి నంబర్ ఎక్కడిది? 1991లో జనరల్ మిడి అని ఒక స్టాండర్డ్ వచ్చింది. అందులో 128 సౌండ్లు. మనకు తెలిసిన పేర్లంటే సితార్ 105, షెహనాయి 112. కీక్రి లేదు, పెప్రె లేదు. విల్లుతో వాయించేది కాబట్టి కీక్రికి దగ్గరిది ఫిడిల్, నంబర్ 111.

ఇక్కడే చాలామంది బోల్తా పడతరు. పట్టికలో లెక్క 1 నుంచి 128. ఫైల్ లోపల మాత్రం 0 నుంచి 127. అంటే ఫిడిల్ లోపల 110. సున్నా నుంచి లెక్కపెట్టే చోట 111 అని కొడితే ఫిడిల్ రాదు, షెహనాయి మోగుతది! మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో మళ్లీ 1 నుంచే లెక్క. అందుకే ఏ ప్రోగ్రామ్ అయినా, ముందు సున్నాతో మొదలైతుందా, ఒకటితోనా అన్నది చూసుకోండి.

గుమ్మెల సంగతి ఇంకో రకం. కొట్టే వాద్యాలకు 10వ ఛానల్ ఉంది. అక్కడ స్వరం నంబరే వాద్యాన్ని చెప్తది. 60 అంటే పై బాంగో, 64 అంటే కింది కాంగా. గుమ్మెల దెబ్బలకు దగ్గరగా వినిపించేవి మీరే విని ఎంచుకోవాలి.

ఇక పెప్రె ఇద్దరు ఊదితే? ఇద్దరూ వేరే వేరే ఊదితే పెప్రె 1, పెప్రె 2 అని రెండు లైన్లు పెట్టండి. ఈ 1, 2 మనుషులను గుర్తుపట్టడానికి. 111, 112 లాంటి సౌండ్ నంబర్లతో దీనికి సంబంధం లేదు. ఒక్కరే ఊదితే నంబర్ అక్కర్లేదు.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి? సాఫ్ట్‌వేర్‌లో ఫిడిల్ ఎంచుకుంటే పేరు కూడా ఫిడిల్ అనే పడుతది. దాన్ని మార్చకుండా ప్రింట్ తీసి పిల్లలకు పంచితే, వాళ్లకు కీక్రి అన్న పేరే అందదు. మార్లవాయి గుస్సాడి కళాకారుడు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మన కళ అంత దూరం పోయింది, కాగితం మీద మాత్రం వాద్యం పేరు మారిపోతే ఎట్ల?

కాబట్టి సౌండ్ అప్పు తెచ్చుకోండి, పర్వాలేదు. పేరు మాత్రం మనదే పెట్టండి. పూర్తి పేరు కీక్రి, పొట్టి పేరు కీ. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే తెలుగు ఫాంట్ ఎంచుకోండి. సౌండ్ ఎక్కడి నుంచి తెచ్చిన్రో స్కోర్ కింద ఒక లైన్ రాయండి. డౌట్లుంటే అడగండి, మళ్లీ కలుద్దాం.