మునియేటి కట్ట

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పొలములకు నీరిచ్చు పాత ఆనకట్ట పోలంపల్లి వద్ద మునియేటిపై కలదు. ఏరెండినను ఇట్టి కట్టలవెనుక మడుగులలో చేపలు మిగులును. వానికై కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు చేరును.

2023 జూలైలో ఐతవరం వద్ద రహదారిని ముంచిన వరద ఈ యేటిదే. అట్టి వరద కట్టపైనుండి దూకి దిగువనేలను కోసి పునాదిని బోలుచేయును. మట్టిగట్టునందలి ఊట తేటగానున్న భయము తక్కువ. బురదరంగు తిరిగెనా, లోపలిమట్టి కొట్టుకొనిపోవుచున్నదన్నమాట. ఇంజనీరుకంటె ముందు ఇది పశులకాపరికే కనబడును!

పక్షులు గూళ్ళుకట్టు చెట్లను కొట్టుటకు మేమును జంకుదుము. కాని గట్టుపై చెట్టు చచ్చి వేళ్ళు కుళ్ళినచోటనే నీరు దారిచేసికొనును. కావున అచ్చట మొలకలనే పెరికి, దూరపు ఒడ్డున చెట్లు పెంపవలెను.