హెచ్.ఐ.వి. సుప్తావస్థ: మందులు మానరాదనడానికి కారణం

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో హెచ్.ఐ.వి. బాధితులకు ఉచిత ఏ.ఆర్.టి. చికిత్సను ప్రారంభించింది. ఈ మందులను క్రమం తప్పక వాడినవారి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అయినా మందులు మానితే సాధారణంగా కొన్ని వారాలలోనే అది తిరిగి కనిపిస్తుంది. దీనికి ప్రధాన కారణం వైరస్ సుప్తావస్థ.

హెచ్.ఐ.వి. ఒక రెట్రోవైరస్. ఇది తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి, సిడి4 కణపు డి.ఎన్.ఎ.లో చేరుస్తుంది. ఇలా చేరిన రూపమే ప్రొవైరస్. సోకిన కణాలలో అధికభాగం నశిస్తాయి; కొన్ని మాత్రం విశ్రాంత స్థితిలో స్మృతికణాలుగా మిగులుతాయి. వీటిలో వైరస్ జన్యువులను ప్రేరేపించే ప్రోటీన్లు కేంద్రకంలో తగినంతగా ఉండవు. ప్రొవైరస్ ఉన్న డి.ఎన్.ఎ. భాగం హిస్టోన్ల చుట్టూ బిగిసి ఉంటుంది. వైరస్ ప్రోటీన్లు తయారుకానందున రోగనిరోధక వ్యవస్థ ఆ కణాన్ని గుర్తించలేదు. ఏ.ఆర్.టి. మందులు వైరస్ కొత్త కణాలకు సోకకుండా అడ్డుకుంటాయే గాని, ప్రొవైరస్‌ను తొలగించలేవు.

ఈ నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ లెక్కన అది పూర్తిగా హరించడానికి మనిషి జీవితకాలం చాలదు. స్మృతికణం మరొక సూక్ష్మజీవిని ఎదుర్కొనడానికి ఉత్తేజితమైనప్పుడు అందులోని వైరస్ కూడా మేల్కొనవచ్చు. కనుక పరీక్షలో వైరస్ కనిపించకపోవడం మందు పనిచేస్తున్నదనడానికి నిదర్శనమే గాని, వ్యాధి నయమైందనడానికి కాదు.